ఉప్పుగాలికి ఏ పూత? - మా అంబాసిడర్ బోల్టుల సంగతి

బరంపురంలో ఉన్నవాళ్ళకి తుప్పు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు, గేటు బందులు, మేడ మీద ట్యాంకుకి వేసిన నిచ్చెన, ఏది చూసినా ఒక వానాకాలం దాటేసరికి రంగు కింద పొక్కులు లేస్తాయి. గోపాలపూర్ సముద్రం మాకు రోడ్డు మీద 16 కిలోమీటర్ల దూరం. ఇటు గంజాం వైపు వెళ్తే హుమ్మా దగ్గర ఉప్పు మడులు. ఇక్కడి గాలిలో ఉప్పు ఉంటుంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు జాడీ చెమ్మగిల్లడం అందరం చూసినదే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీటిని లాక్కుంటుంది. బోల్టు మీద వాలిన కంటికి కనపడని ఉప్పు పొడి కూడా అదే పని చేస్తుంది. వాన పడకపోయినా ఆ బోల్టు రాత్రంతా ఉప్పునీటిలో నానుతున్నట్టే లెక్క.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మా ఇంటి అంబాసిడర్ కారుని కింద నుంచి పైదాకా విప్పి బాగుచేయించాం. అందులో ఇంజను కన్నా, రంగు కన్నా ఎక్కువ చర్చ నడిచింది నట్లూ బోల్టుల మీద. వాటికి ఏ పూత వేయించాలి? ఈ ప్రశ్నకి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు. తెలిసినవాళ్ళని అడిగి, చదివి, ఒక దెబ్బ తిని తెలుసుకున్నది ఇక్కడ రాసి పెడుతున్నాం. చెన్నై, ముంబైలలో సముద్రం పక్కన ఉన్న మన కుటుంబాలకీ, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్న మన పిల్లలకీ కూడా పనికొస్తుంది. ఉప్పు గాలిలోంచి వచ్చినా రోడ్డు మీంచి వచ్చినా ఇనుముకి ఒకటే.

కారు సంగతి కొంచెం

మా వాళ్ళు బరంపురం వచ్చేనాటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. మేం ఇల్లు కదలలేదు, రాష్ట్రం మారింది. చుట్టాలు చాలామంది ఇచ్ఛాపురం అవతలే ఉండిపోయారు. 1991లో నాన్నగారూ పెదనాన్నగారూ కలిసి కొన్న ఈ కారు మాకు ఆ రెండు వైపులకీ వంతెన లాంటిది. నంబరు ప్లేటు మీద ఓఆర్ 07, లోపల మాటలన్నీ తెలుగు. సోంపేటలో పెళ్ళి, టెక్కలిలో పదోరోజు, రథసప్తమికి అరసవల్లి, అన్నీ ఈ కారులోనే. అద్దానికి బెళ్ళగుంఠ ఇత్తడి చేప వేలాడుతుంది. దానికి ఎన్ని చిలుములు వదలగొట్టామో లెక్కలేదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్లకి పైగా గాలి. సముద్రపు నీటిని తుంపర చేసి ఊళ్ళ మీద చల్లినట్టయింది. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, తాగడానికే నీళ్ళు కష్టం. ఆ ఏడాది నుంచే కారు కింద తుప్పు జోరందుకుంది. 2014 మే నెలలో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. పాత బళ్ళలో చాలా బోల్టులు అంగుళాల కొలతవి. బజార్లో దొరికే మిల్లీమీటరు బోల్టు వాటి బదులు పనికిరాదు. అందుకని విప్పిన ప్రతి బోల్టునీ కిరసనాయిలు గిన్నెలో వేసి, కడిగి, అట్టపెట్టెల్లో పేర్లు రాసి దాచాం.

అప్పుడు మొదలైంది చర్చ. పెదనాన్నగారు, "అన్నిటికీ క్రోమ్ కొట్టించీయండర్రా, పెళ్ళికొడుకులా ఉండాలి బండి" అన్నారు. తమ్ముడు, "అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు వేసేద్దాం, ఇంక జన్మలో తుప్పు గొడవ ఉండదు" అన్నాడు. నలభై ఏళ్ళుగా ఈ బళ్ళే చూస్తున్న మా ఒడియా మిస్త్రీగారు మాత్రం, "జింక్ వేయించండి ఆజ్ఞా, కానీ అన్నిటికీ కాదు" అన్నారు. ఆ "అన్నిటికీ కాదు" అన్న మాట విలువ మాకు తర్వాత తెలిసింది.

మామ్మ కళాయి దగ్గర మొదలుపెడదాం

లోహం మీద లోహం పూయడం మన ఇళ్ళకి కొత్త కాదు. మామ్మ కాలంలో కళాయి వేసేవాడు వీధిలోకి రాగానే ఇత్తడి గిన్నెలన్నీ బయటికి వచ్చేవి. తిత్తి ఊది, గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి, దూదితో ఒక్క విసురులో లోపలంతా పాముతుంటే నల్లటి గిన్నె వెండిలా మారేది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు కాస్తే చింతపండు పులుపుకి చిలుము దిగుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఇక్కడ తగరం పని అడ్డుగోడ పని. పులుపుని ఇత్తడి దాకా పోనివ్వదు. గోడకి చిల్లు పడితే మళ్ళీ కళాయి వేయించాల్సిందే.

ఇనుము మీద పూతలు రెండు రకాలుగా పని చేస్తాయి. ఒకటి ఈ అడ్డుగోడ రకం. రెండోది వేరు. దాన్ని చూడాలంటే పెరట్లోకి వెళ్తే చాలు. ఖాళీ నూనె డబ్బా ఒకటి, జింకు బకెట్ ఒకటి పక్కపక్కన పెట్టి రెండిటి మీదా మేకుతో గీత గీయండి. డబ్బా అంటే ఇనుప రేకు మీద తగరం పూత. గీత గీసిన చోట వారం తిరక్కుండా ఎర్రగా తుప్పు దిగుతుంది. పూత లేని ఇనుము కన్నా అక్కడ త్వరగా తినేస్తుంది. బకెట్ మీది గీత మాత్రం చాలాకాలం ఎర్రబడదు.

కారణం ఇది. రెండు లోహాలు ఉప్పునీటిలో ఒకదాన్నొకటి తాకి ఉంటే, చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో ఒకటి అరిగిపోతుంది, రెండోది నిలుస్తుంది. జింక్, అంటే మన తుత్తునాగం, ఇనుము పక్కన ఉంటే తానే ముందు అరుగుతుంది. తగరం, నికెల్, క్రోమియం పక్కన ఉంటే ఇనుమే అరుగుతుంది. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1824లో ఓడల అడుగున తొడిగిన రాగి రేకుల్ని కాపాడడానికి జింక్, ఇనుప ముక్కలు తగిలించి చూసింది ఈ సూత్రంతోనే. 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సొరెల్ ఇనుముని కరిగిన జింక్‌లో ముంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్ళ మీది జింకు రేకులు ఆ సంతానమే.

బోల్టుకి ఇది ముఖ్యం. ఎందుకంటే బోల్టు మీద గీత పడకుండా ఉండదు. స్పానర్ పెట్టిన ప్రతిసారీ తల మూలల్లో పూత లేస్తుంది. మెరిసే అడ్డుగోడ వేస్తే ఆ మూలే తుప్పుకి గుమ్మం అవుతుంది. జింక్ వేస్తే చుట్టూ ఉన్న జింక్ ఆ మూలని కాస్తుంది. పెదనాన్నగారి "అన్నిటికీ క్రోమ్" మాట ఇక్కడే ఆగిపోయింది.

జింక్ ఎంత మందం?

ప్లేటింగ్ షాపులో జింక్ అంటే కరెంటుతో వేసే పూత. చిన్న సామాను తిరిగే పీపాలో పోసి వేస్తారు, పెద్దవి తీగలకి కట్టి తొట్టెలో వేలాడదీస్తారు. మామూలుగా 5, 8, 12 మైక్రాన్ల మందాలు చెబుతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు అనుకోండి. అంటే మనం డబ్బులిచ్చి వేయించేది వెంట్రుకలో పదో వంతు పొర.

అది ఎన్నాళ్ళు ఉంటుంది? ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం గాలిని తుప్పు పట్టించే బలాన్ని బట్టి తరగతులుగా విడదీసింది. కొద్దిపాటి ఉప్పు ఉండే తీరప్రాంతం సి4 అనుకుంటే, అక్కడ జింక్ ఏడాదికి సుమారు 2 నుంచి 4 మైక్రాన్లు తరుగుతుంది. ఉప్పు బాగా ఉండే సి5లో 4 నుంచి 8. అదే సి5లో పూత లేని మామూలు ఉక్కు ఏడాదికి 80 నుంచి 200 మైక్రాన్లు పోతుంది. ఈ లెక్కలో 8 మైక్రాన్ల జింక్ సముద్రపు ఒడ్డున ఏడాది, రెండేళ్ళు. ఊళ్ళోకి వస్తే ఇంకొన్నేళ్ళు. కారు ఎక్కడ నిలబడుతుందన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. గోపాలపూర్‌లో ఇల్లున్నవాళ్ళూ, బరంపురంలో షెడ్డు ఉన్నవాళ్ళూ ఒకే పూత అడగక్కర్లేదు.

మరి మందంగా వేయించేస్తే? మరలో ఆ సౌకర్యం లేదు. మర గాట్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి 8 మైక్రాన్ల పూత వేస్తే మర కొలత దానికి నాలుగు రెట్లు, అంటే 32 మైక్రాన్లు పెరుగుతుంది. కరిగిన జింక్‌లో ముంచితే పూత 50 మైక్రాన్లు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టవచ్చు. అప్పుడు మర 200 మైక్రాన్లు లావెక్కుతుంది. మామూలు నట్టు ఎక్కదు. కరెంటు స్తంభాల బోల్టులకి నట్టునే వదులుగా మర వేసి సరిపెడతారు. కారు బోల్టుకి అది కుదరదు. అందుకని ముంచే పూత బ్రాకెట్లకీ, టోయింగ్ కొక్కేలకీ, బంపర్ వెనక పట్టీలకీ సరి. మర ఉన్న సన్న సామానుకి కరెంటు జింకే.

ఈ రెండిటి మధ్యలో జింక్-నికెల్ అని ఒకటుంది. జింక్‌లో 12 నుంచి 15 శాతం నికెల్ కలిపి వేస్తారు. మందం అంతే ఉన్నా ఉప్పుకి మామూలు జింక్ కన్నా చాలా రెట్లు ఆగుతుంది. కొత్త కార్లలో బ్రేకు సామానుకి, ఇంధనపు గొట్టాలకి వాడేది ఎక్కువగా ఇదే. అయితే ప్రతి ఊళ్ళో వేయరు, తొట్టెని జాగ్రత్తగా కాచుకోవాలి, ఖర్చూ ఎక్కువ. గోపాలపూర్ ఒడ్డున బండి పెట్టుకునేవాళ్ళు విశాఖలోనో కలకత్తాలోనో విచారించి వేయించుకుంటే డబ్బు వృథా కాదు.

షాపువాళ్ళు "ఇన్ని గంటలు గ్యారంటీ" అంటారు. అది ఉప్పునీటి తుంపర పరీక్ష. 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో ఆపకుండా చిమ్ముతూ ఎన్ని గంటలకి తుప్పు కనపడిందో చూస్తారు. రెండు పూతల్ని పోల్చుకోవడానికి, పని సరిగ్గా చేశారో లేదో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. అన్ని గంటలంటే మన వాకిట్లో ఇన్నేళ్ళు అని గుణించుకోవడానికి మాత్రం పనికిరాదు.

పసుపా, తెలుపా?

జింక్ మీద ఇంకో సన్నని పొర వేస్తారు. దాన్ని పాసివేషన్ అంటారు. జింక్ తెల్లగా బూజు పట్టినట్టు కాకుండా అది కాపాడుతుంది. తెలుపు లేదా నీలి ఛాయ ఒకటి, ఇంద్రధనుస్సులా మెరిసే పసుపు ఒకటి. పాతకాలంలో పసుపే గట్టిదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. అందులో ఆరో రకం క్రోమియం ఉండేది, గీత పడ్డ చోటికి అదే కదిలి వెళ్ళి మళ్ళీ మూసేది. కానీ ఈ ఆరో రకం క్రోమియం క్యాన్సర్ కలిగిస్తుంది. యూరప్‌లో 2000లో చేసిన చట్టం ప్రకారం 2007 జూలై 1 నుంచి కొత్త కార్ల తుప్పు పూతల్లో దాన్ని మానేశారు. ఇప్పుడు మూడో రకం క్రోమియంతో చేసే పాసివేషన్ వచ్చింది. పైన సీలర్ వేస్తే అది పాత పసుపుకి ఏమీ తీసిపోదు.

చిక్కేమిటంటే రంగు చూసి పోల్చలేం. మూడో రకానికి కూడా పసుపు రంగు కలిపి ఇస్తారు. అడిగి తెలుసుకోవాలి. మేం చూసిన ఒక చిన్న షాపులో పనివాడు తొడుగు లేని చేతులతో సామాను తీస్తున్నాడు. వేళ్ళ సందుల్లో పుళ్ళు. మా బోల్టులు పదేళ్ళు మెరవడం కోసం ఆ చేతులు అలా కావాలా అని ఇంటికొచ్చాక మా వదిన అడిగింది. ఎవరం జవాబు చెప్పలేదు. అక్కడ ఇవ్వలేదు. దూరమైనా, మూడో రకం వాడే చోటే వెతుక్కున్నాం.

క్రోమియం సంగతి మన రాష్ట్రానికి దగ్గరి సంగతే. దేశంలోని క్రోమైట్ నిల్వల్లో నూటికి తొంభైకి పైగా ఒడిశాలోనే, ముఖ్యంగా జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో ఉన్నాయి. అక్కడి నీళ్ళలో ఇదే ఆరో రకం క్రోమియం గురించి ఏళ్ళ తరబడి ఆందోళన ఉంది. పాత కాలపు ఇంకో పూత కాడ్మియం. ఉప్పుకి చాలా బాగా ఆగుతుంది, విమానాల్లో వాడారు. కానీ అదీ విషమే. జపాన్‌లో జింజూ నది పక్క పల్లెల్లో ఎముకలు గుల్లబారి జనం పడ్డ బాధకి కారణం గని నీళ్ళలో వచ్చిన కాడ్మియమే. ఇంటి కారుకి అది తలపెట్టక్కర్లేదు.

బంపర్‌కి క్రోమ్ ఉండాల్సిందే

పెదనాన్నగారి మాట పూర్తిగా తీసేయలేదు. అంబాసిడర్‌కి మెరిసే బంపర్లు, చక్రాల మూతలు, ముందు జాలీ లేకపోతే అది అంబాసిడర్ కాదు. అయితే ఒక సంగతి తెలుసుకుని వేయించాం. బంపర్ మీద కనపడే క్రోమ్ అర మైక్రాన్ కూడా ఉండదు. కాపాడేదంతా దాని కింద ఉన్న నికెల్. అది 20, 30 మైక్రాన్లు ఉంటే బయట తిరిగే బండికి నిలుస్తుంది. 5, 10 మైక్రాన్లతో సరిపెడితే మెరుపు మొదటి రోజు అంతే ఉంటుంది, రెండో వానాకాలానికి గసగసాలు చల్లినట్టు తుప్పు చుక్కలు లేస్తాయి. కాబట్టి షాపులో "క్రోమ్ ఎంతకి?" అని కాదు, "కింద నికెల్ ఎంత వేస్తారు?" అని అడగాలి.

ఇంకోటి. బంపర్ ముందువైపే మెరుస్తుంది. వెనకవైపు పూత సరిగ్గా అందదు. తుప్పు మొదలయ్యేది అక్కడే. మేం వెనక అంతా గీకి, జింక్ పొడి ఎక్కువగా ఉండే ప్రైమర్ వేసి, పైన నల్ల రంగు వేయించాం. ఎవరూ చూడరు. అది చాలు.

విరిగిన యూ-బోల్టు

ఇప్పుడు అసలు దెబ్బ. వెనక ఇరుసుని స్ప్రింగు పట్టాలకి బిగించేవి యూ-బోల్టులు. కొత్తవి, గట్టి ఉక్కువి తెప్పించాం. మిస్త్రీగారి దగ్గరి కుర్రాడు సామాను సర్దుతూ వాటిని కూడా ప్లేటింగ్ సంచిలో వేసి పంపించాడు. ఆ షాపువాళ్ళు ఏం సామానో అడగలేదు. యాసిడ్‌లో ముంచి, జింక్ కొట్టి, తళతళలాడుతూ తిరిగిచ్చారు. బిగించారు. రెండో రోజు రాత్రి బండి షెడ్డులో నిలబడి ఉండగానే ఠప్పుమని చప్పుడు. పొద్దున్న చూస్తే ఒక యూ-బోల్టు మర దగ్గర రెండు ముక్కలు. వంగలేదు, సాగలేదు, సుద్దముక్క విరిగినట్టు విరిగింది. బండి కదలను కూడా లేదు.

మిస్త్రీగారు ముక్కని చేతిలో తిప్పి చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ వారంలోనే అన్నయ్య కూతురు మొదటిసారి తను నడిపి అందర్నీ అరసవల్లి తీసుకెళ్ళాలని అనుకుంటోంది. ఇచ్ఛాపురం దాటాక జాతీయ రహదారి మీద లారీల మధ్య ఇరుసు పక్కకి జరిగితే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

ఇందులో వింత ఏమీ లేదు, లోహశాస్త్రం తెలిసినవాళ్ళకి పాత సంగతే. యాసిడ్‌లో ముంచినప్పుడూ, కరెంటుతో పూత వేసేటప్పుడూ హైడ్రోజన్ పుడుతుంది. అది అన్నిటికన్నా చిన్న అణువు. ఉక్కులోకి దూరిపోతుంది. మెత్తటి ఉక్కు తట్టుకుంటుంది. బాగా గట్టిపరిచిన ఉక్కు బిగించి లాగి ఉంచినప్పుడు, ఆ హైడ్రోజన్ బలహీనమైన చోట పోగై, గంటల్లోనో రోజుల్లోనో పగులు తెస్తుంది. పైన జింక్ పూత ఉంటుంది కాబట్టి బయటికి పోవడానికి దారి కూడా ఉండదు. దీనికి మందు ఉంది. పూత వేసిన 4 గంటల లోపే కొలిమిలో పెట్టి 190 నుంచి 220 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు, గట్టి ఉక్కుకి అంతకన్నా ఎక్కువ సేపు కాల్చాలి. కొలిమి లేని షాపు ఆ పని చేయలేదు. అడక్కపోతే చెప్పదు కూడా.

మరి ఏ బోల్టు గట్టిదో ఎలా తెలుస్తుంది? మిల్లీమీటరు బోల్టు తల మీద అంకె ఉంటుంది. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుంది. దీనికీ, దీనికన్నా కింది వాటికీ ఈ భయం లేదనే చెప్పొచ్చు. 10.9, 12.9 కనపడితే ఆగాలి. అంగుళాల బోల్టుల్లో చాలావాటి తల మీద గీతలుంటాయి. మూడు గీతలు మధ్యరకం, ఆరు గీతలు గట్టిరకం. స్ప్రింగు పట్టాలు, స్ప్రింగు వాషర్లు, సర్క్లిప్పులు కూడా గట్టి ఉక్కే. వాటి తల మీద ఏ గుర్తూ ఉండదు కాబట్టి ఇంకా జాగ్రత్త.

గట్టి బోల్టులకి ఉప్పు నుంచి రక్షణ వద్దా అంటే, కావాలి. దానికి జింక్ ఫ్లేక్ పూత ఉంది. జింక్, అల్యూమినియం రేణువులు కలిపిన ద్రవంలో ముంచి, తిప్పి, కొలిమిలో కాల్చి ఆరబెడతారు. కరెంటు లేదు, యాసిడ్ లేకుండా శుభ్రం చేయవచ్చు, హైడ్రోజన్ బెడద ఉండదు. చూడ్డానికి మాసిన వెండిలా ఉంటుంది. కొత్త కార్ల కింద గట్టి బోల్టులన్నీ అలా బూడిదరంగులో ఉండడానికి కారణం ఇదే. మనకి దగ్గర్లో వేసేవాళ్ళు లేకపోతే, తయారీదారు దగ్గర నుంచే ఆ పూతతో వచ్చినవి కొనుక్కోవడం మంచిది.

స్టెయిన్‌లెస్ ఎందుకు కాదు?

తమ్ముడి మాటలో ఆకర్షణ ఉంది. కానీ మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టు బలం 700 న్యూటన్ల తరగతి. 8.8 కన్నా తక్కువ. స్టీరింగుకీ, బ్రేకులకీ, ఇరుసులకీ దాన్ని వేయకూడదు. పైగా వంటింటి గిన్నెల్లాంటి 304 రకానికి సముద్రపు గాలిలో గోధుమరంగు మచ్చలు పడతాయి. మాలిబ్డినం 2, 3 శాతం కలిపిన 316 రకం నయం. మరో చిక్కు, స్టెయిన్‌లెస్ బోల్టు, స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా బిగిస్తే మర మీద మర అతుక్కుని కోస్తే గానీ రాదు. గ్రీజు లాంటిది తప్పకుండా రాయాలి. అల్యూమినియంలో బిగిస్తే, ఉప్పు తగిలినప్పుడు ఈసారి అరిగిపోయేది అల్యూమినియం. స్కూటర్ ఇంజను కవర్లకి స్టెయిన్‌లెస్ స్క్రూలు వేసి రెండేళ్ళకి తెల్లపొడి చూసినవాళ్ళకి ఇది తెలుసు. తమ్ముడికి నంబరు ప్లేటు, అద్దాలు, లోపలి తివాచీ పట్టీల స్క్రూలు వదిలేశాం. వాటికి స్టెయిన్‌లెస్ బాగానే ఉంది.

చివరికి మేం ఏం చేశాం?

అట్టపెట్టెల్ని నాలుగు కుప్పలు చేశాం. కనపడేవి, అంటే బంపర్, చక్రాల మూతలు, జాలీ: మందంగా నికెల్, పైన క్రోమ్. బాడీ బోల్టులు, బ్రాకెట్లు, డోరు బందులు, రేడియేటర్ పట్టీలు, అంటే మెత్తటి ఉక్కువి: 8 నుంచి 12 మైక్రాన్ల జింక్, మూడో రకం క్రోమియం పాసివేషన్, పైన సీలర్. బరువు మోయని చిన్నవి: స్టెయిన్‌లెస్. నాలుగో కుప్ప ఇరుసు, స్టీరింగు, బ్రేకులవి. వాటిని ఏ ప్లేటింగ్ షాపుకీ పంపలేదు. మిగిలిన మూడు యూ-బోల్టులు బాగానే కనపడుతున్నా తీసి పారేశాం. కొత్తవి నల్లవే కొని, సరైన బిగువుకి బిగించి, ఆ తర్వాత పైన ప్రైమర్, చాసిస్ బ్లాక్ రంగు వేయించాం. నట్టు కింద రంగు ఉంటే అది నలిగి బిగువు వదులవుతుంది కాబట్టి బిగించాకే రంగు. పూత మారితే మరలో రాపిడి మారుతుంది. పాత బలంతోనే తిప్పినా బిగువు వేరుగా పడుతుంది. అందుకని చక్రాల నట్లు, యూ-బోల్టులు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూశాం.

మీరు సామాను ఇచ్చేటప్పుడు షాపులో నాలుగు ప్రశ్నలు వేయండి. జింక్ ఎన్ని మైక్రాన్లు? పాసివేషన్ మూడో రకమా, ఆరో రకమా? హైడ్రోజన్ పోగొట్టే కొలిమి ఉందా? గట్టి బోల్టులు వస్తే ఏం చేస్తారు? మొదటి ప్రశ్నకి తడుముకోకుండా, నాలుగో ప్రశ్నకి "అవి మేం తీసుకోం" అని చెప్పేవాడు మంచి పనివాడు. సామాను ఇచ్చేముందు లెక్కపెట్టి ఫోటో తీసుకోండి. ఇంట్లోవాళ్ళే ఎంచి, ఇంట్లోవాళ్ళే సంచి కట్టండి.

ఏ పూత వేయించినా నీళ్ళని మించిన మందు లేదు. గోపాలపూర్ వెళ్ళి వస్తే ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కింద భాగం కడగాలి. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి మరల మీద నూనె తుడవాలి. తెల్లటి బూజు కనపడితే జింక్ ఇంకా పని చేస్తోందని అర్థం. ఎర్రటి చుక్క కనపడితే జింక్ అయిపోయిందని, ఆ బోల్టు మళ్ళీ వేయించే వేళ వచ్చిందని అర్థం. మేం ఆ తేదీలు కారు పుస్తకం వెనక పేజీలో రాసుకుంటున్నాం.

అరసవల్లి ప్రయాణం నెలరోజులు ఆలస్యమైంది. అన్నయ్య కూతురే నడిపింది. పెదనాన్నగారు ముందు సీట్లో కూర్చుని బంపర్ మీద ఎండ ఎలా పడుతోందో చెబుతూనే ఉన్నారు. నాలుగో కుప్ప బోల్టుల సంగతి ఆయన అడగలేదు. అవి మెరవవు కదా.